రొమ్ము క్యాన్సర్ చికిత్సలో తిండి, విటమిన్లు: నల్లగొండ, పాలమూరు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

రొమ్ము క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన ఇంట్లో వారం తిరగకముందే రెండు మార్పులు కనిపిస్తాయి. జబ్బుపడిన మనిషి కంచంలోంచి ఒక్కొక్క పదార్థమే తప్పుకుంటుంది: వంకాయ దురద, గుడ్డు వేడి, పప్పు తింటే చీము, పెరుగు తింటే జలుబు, పాలు గడ్డను పెంచుతాయి అంటారు. మరోవైపు మంచం పక్కన డబ్బాలు పేరుకుంటాయి: హైదరాబాద్ నుంచి మేనల్లుడు తెచ్చిన ప్రోటీన్ పొడి, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన బలం మాత్రలు, ఎవరో చెప్పిన కషాయం, ఇంకెవరో ఫోనులో చూసి తెప్పించిన ఎండుటాకుల పొడి. ఈ వరుసను తిరగేయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. కంచం నిండాలి, డబ్బాలు తగ్గాలి.

ముందే ఒక మాట. తిండితో గానీ విటమిన్లతో గానీ రొమ్ము క్యాన్సర్ నయం కాదు. నయం చేసేవి ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోను మాత్రలు, కొందరికి ప్రత్యేకమైన టార్గెటెడ్ మందులు. ఆ చికిత్సను వాయిదా పడకుండా, మోతాదు తగ్గించుకోకుండా పూర్తిచేయగల ఒంటిని తిండి ఇస్తుంది. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లాక, రక్తకణాలు తక్కువున్నాయి, వచ్చే వారం రండి అని వెనక్కి పంపితే ఆ ఇంటికి ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

మొదట తూకం, పరీక్షలు, సంచి

చికిత్స మొదలయ్యే ముందే బరువు చూసి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. తర్వాత వారానికోసారి, ఒకే తూకం మీద, పొద్దున పరగడుపున చూడాలి. పల్లెలో తూకం లేకపోతే సబ్ సెంటర్‌లోనో రేషన్ దుకాణంలోనో చూడవచ్చు. ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే అది హెచ్చరిక. 55 కిలోల మనిషికి అది మూడు కిలోల లోపే. చీర కుచ్చిళ్లు వదులయ్యాయని ఇంట్లో గమనించేసరికి అంతకంటే ఎక్కువే తగ్గి ఉంటుంది.

రక్తపరీక్షలు ఆసుపత్రివారు ఎలాగూ చేస్తారు. వాటిలో హిమోగ్లోబిన్, షుగర్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక మాంసకృత్తు), కాల్షియం ఉన్నాయో లేదో అడగండి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, విటమిన్ బి12, విటమిన్ డి కూడా చూడమని కోరవచ్చు. ఏ విటమిన్ మాత్ర వేసుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితంలో ఉంటుంది. పక్కింటామెకు ఏ మాత్ర పనిచేసిందన్నది జవాబు కాదు.

ఇక సంచి. ఇంట్లో ఆమె వేసుకుంటున్నవన్నీ, అంటే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు, బలం మాత్రలు, చూర్ణాలు, కషాయం సీసాలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరులేని పొట్లాలు, అన్నీ ఒక సంచిలో వేసి క్యాన్సర్ డాక్టరు బల్ల మీద పెట్టండి. పేర్లు చెప్పలేకపోయినా పర్వాలేదు, చూపిస్తే చాలు. తిడతారేమోనని దాచేవాళ్లే ఎక్కువ. తిట్టినా రెండు నిమిషాలే.

మాంసకృత్తుల లెక్క

విటమిన్ల గురించి అడిగేవాళ్లు వందమంది ఉంటే మాంసకృత్తుల గురించి అడిగేవాళ్లు ఇద్దరు కూడా ఉండరు. కీమో దెబ్బతీసిన కణాలు మళ్లీ పుట్టడానికి, ఆపరేషన్ గాయం మానడానికి, కండ కరగకుండా ఉండటానికి ముందు కావాల్సింది ఇదే. క్యాన్సర్ రోగులకు రోజుకు కిలో బరువుకు కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉండాలని ఐరోపా పోషకాహార నిపుణుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 55 కిలోల మనిషికి 55 నుంచి 80 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పినంతే తీసుకోవాలి.

అది మన వంటింట్లో ఎలా వస్తుందో చూద్దాం. వంద గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెల్లో సుమారు 10 గ్రాములు. యాభై గ్రాముల కందిపప్పులో 11. రెండు గుడ్లలో 13. అర లీటరు పాలు, లేదా వాటితో తోడుపెట్టిన పెరుగులో 16. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములలో 7. రెండు పూటలకు కలిపి 150 గ్రాముల బియ్యంలో 12 దాకా. మొత్తం 69 గ్రాములు. ఇందులో డబ్బా పొడి ఒక్క చెంచా లేదు. గుడ్డు తినని ఇళ్లలో ఆ స్థానంలో ఉలవలు, బొబ్బర్ల గుడాలు, పెసర్లు, పనీరు, మీల్‌మేకర్ పెట్టుకోవచ్చు. ముద్ద మింగుడు పడనప్పుడు ప్రోటీన్ పొడి అక్కరకు వస్తుంది, కాదనను. కానీ అన్నం తినగలుగుతున్న మనిషికి వందల రూపాయలు పోసి దాన్ని తేవడం కన్నా ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు కొనడం నయం.

మీల్‌మేకర్ అనగానే ఒక అనుమానం వస్తుంది. సోయాలో ఆడ హార్మోనులాంటి పదార్థం ఉంటుంది కదా, రొమ్ము క్యాన్సర్‌ను పెంచదా అని. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది స్త్రీలను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సోయా ఆహారం ఎక్కువగా తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగానే కనిపించాయి. కూరగా వండుకున్న సోయాతో భయం లేదు. సోయా సారాన్ని మాత్రలుగా చేసి అమ్మేవి మాత్రం వద్దు.

పల్లీల గురించి కూడా ఒక జాగ్రత్త. వనపర్తి, గద్వాల వైపు ఇంట్లోనే పండిన కాయ ఉంటుంది కాబట్టి కొత్తది అమ్మేసి, పాతది, నలిగినది ఇంటికి ఉంచుకోవడం అలవాటు. ముడతలు పడినవి, రంగు మారినవి, చేదెక్కినవి ఏరి పారేయండి. తేమ తగిలిన కాయలో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. కీమో మందులతో ఇప్పటికే శ్రమపడుతున్న కాలేయానికి ఆ భారం అనవసరం.

ఆపరేషన్ తర్వాత పథ్యం

ఆపరేషన్ అయిన పదిహేను రోజులు పేషెంటుకు కారం లేని చారు, అన్నం, బ్రెడ్డు తప్ప ఏమీ పెట్టని ఇళ్లున్నాయి. పప్పు పెడితే కుట్లు చీము పడతాయని పెద్దవాళ్ల నమ్మకం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పు మానేస్తే మాంసకృత్తులు తగ్గి, గాయం మానడం ఆలస్యమై, చీము పట్టే అవకాశమే పెరుగుతుంది. అత్తగారితో వాదన పెట్టుకోవడం కష్టమనుకుంటే డిశ్చార్జి రోజున ఆమెను కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లి, "పప్పు, గుడ్డు, మాంసం పెట్టవచ్చా?" అని ఆమె ముందే అడగండి. డాక్టరు నోటి నుంచి వచ్చిన మాటకు విలువ వేరు.

గాయం మానడానికి విటమిన్ సి కావాలి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలు. ఒక జామపండు దానికి మించి ఇస్తుంది. నల్లగొండ జిల్లా బత్తాయి తోటల సీమ, రెండు బత్తాయిలు ఒలుచుకు తిన్నా సరిపోతుంది. రసం తీసే బదులు తొనలు తినడమే మేలు, పీచు దక్కుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు కూడా తేలిక. హార్మోను మాత్రలకు తోడుగా పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటి మందులు వాడేవాళ్లు పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ మానేయాలి, అవి మందును రక్తంలో ఎక్కువ మోతాదులో నిలిపేస్తాయి. బత్తాయితో ఆ బెడద లేదు.

నీరసంగా ఉందని ఊళ్లో సెలైన్ ఎక్కించుకోవడం మన దగ్గర పెద్ద అలవాటు. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. దాని శక్తి వంద కేలరీల లోపే, అంటే ఒక అరటిపండంత. అందులో బి కాంప్లెక్స్ కలిపి పసుపురంగు చేస్తే బలం సెలైన్ అవుతుంది, రేటు పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో నీరు పోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, ఆ సంగతి వేరు. అప్పుడైనా ఆసుపత్రిలోనే పెట్టించుకోండి. చంకలో గడ్డలు తీసిన వైపు చేతికి సూది గుచ్చనివ్వకండి.

కీమో రోజుల్లో వంట

కీమో ఎక్కించిన మొదటి మూడు నాలుగు రోజులు వికారం. ఆ తర్వాత నోరు పూయడం. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. మూడో వారంలో ఆకలి తిరిగివస్తుంది. ఈ లయ తెలిస్తే వంట తేలిక. వికారపు రోజుల్లో కడుపునిండా పెట్టాలని బతిమాలకండి. మూడో వారంలో పోయినదంతా పూడ్చుకునేలా పెట్టండి.

వికారానికి ఇచ్చిన మాత్రను తినడానికి అరగంట ముందు వేయాలి, వాంతి అయ్యాక వేస్తే ఫలితం సగమే. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టండి. పోపు వాసన చాలామందికి పడదు. ఆ సమయంలో ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి, చల్లారిన తిండి ఇవ్వండి. పెరుగన్నం, ఇడ్లీ, అటుకులు, ఉప్మా, తైదల జావ మజ్జిగతో. అల్లం ముక్క చప్పరించడం కొందరికి ఉపశమనం ఇస్తుంది. నోట్లో ఇనుము నమిలినట్టుందని కొందరంటారు. వాళ్లకు స్టీలు చెంచా బదులు చేత్తో తినడం, పచ్చిపులుసులాంటి పులుపు పనికొస్తాయి. నోరు పూసినప్పుడు మాత్రం పులుపు, ఉప్పుకారాలు, తొక్కులు దూరం పెట్టి మెత్తగా, చల్లగా ఇవ్వాలి. గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలిస్తే పుండ్లు శుభ్రంగా ఉంటాయి.

తెల్లకణాలు తగ్గే వారంలో తిండి శుభ్రత ముఖ్యం. కాచి చల్లార్చిన నీళ్లు, వేడివేడిగా వండినది, తొక్క ఒలిచే పండ్లు. కోసి ఉంచిన పుచ్చకాయ ముక్కలు, బండి మీద చెరకు రసం, పానీపూరీ, పచ్చిగుడ్డు, సగం ఉడికిన ఆమ్లెట్, రాత్రి మిగిలిన మాంసం కూర వద్దు. చద్దన్నం ఒంటికి చలువ అంటారు కానీ ఆ వారం మానండి. అలాగని పండ్లు, కూరగాయలు మొత్తం బంద్ చేయనవసరం లేదు, కడిగి ఒలిచి తింటే చాలు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మాత్ర వేసి తెల్లారేదాకా చూడకండి. అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన జ్వరం.

ఎర్ర మందు అని పిలిచే డాక్సోరూబిసిన్ ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తం పోతోందని హడలిపోయి బీట్‌రూట్ రసాలు మొదలుపెడతారు. అది మందు రంగు, దానంతట అదే పోతుంది.

ప్రయాణం రోజు తిండి ప్రత్యేకంగా ఆలోచించాలి. రక్తం ఇచ్చి, చీటీ తీసుకుని, కుర్చీ దొరికేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా టీ, బిస్కెట్లతో గడిపేవాళ్లే అధికం. జొన్నరొట్టె లేదా చపాతీ, పొడి కూర, అరటిపండ్లు, పల్లిపట్టి, కాచిన నీళ్ల సీసా వెంట ఉండాలి. ఎండాకాలంలో పెరుగన్నం పొద్దున తొమ్మిదిలోపు తినేయాలి, ఆ తర్వాత నమ్మకూడదు.

విటమిన్లు ఒక్కొక్కటిగా

మామూలు మల్టీవిటమిన్ మాత్ర, రోజువారీ అవసరానికి దగ్గరగా ఉండే మోతాదులో, హానీ చేయదు, పెద్దగా మేలూ చేయదు. తిండి బొత్తిగా తగ్గిన వారాల్లో డాక్టరును అడిగి వేసుకోవచ్చు. ఇబ్బందంతా మోతాదు పెంచినప్పుడే.

యాంటీ ఆక్సిడెంట్లు. ఏ, సీ, ఈ విటమిన్లు, కోఎంజైమ్ క్యూ10 ఎక్కువ మోతాదులో ఉండే మాత్రలు కణాలను కాపాడతాయని అమ్ముతారు. కీమో, రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపే దారుల్లో ఆక్సీకరణ ఒకటి. కాపాడటమంటే ఎవరిని కాపాడటమో ఆలోచించండి. అమెరికాలో కీమో తీసుకున్న 1100 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులను పరిశీలించి 2019 చివర్లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సకు ముందు, చికిత్స జరుగుతుండగా కూడా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడినవారిలో జబ్బు తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. ఇది గమనించి చెప్పిన ఫలితమే, రుజువు కాదు. అయినా లాభం ఏమీ కనిపించనప్పుడు ఆ రిస్కు ఎందుకు? ధూమపానం చేసేవారికి బీటా కెరోటిన్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో ఫిన్లాండ్ పరీక్షలో తేలిన సంగతి వైద్యులెవరూ మరచిపోలేదు. క్యారెట్, గుమ్మడి, మునగాకు, ఉసిరి తినడానికి ఈ హెచ్చరిక వర్తించదు.

బి12, నరాల మాత్రలు. పైన చెప్పిన 2019 అమెరికా అధ్యయనంలోనే కీమోకు ముందు, కీమోలో కూడా బి12 మాత్రలు వాడినవారి ఫలితాలు అధ్వానంగా ఉన్నాయి. మన దగ్గర దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. శాకాహారులలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్న షుగర్ పేషెంట్లలో బి12 లోపం మామూలే. పరీక్షలో లోపం తేలితే చికిత్స చేయాల్సిందే, చేయకపోతే నరాలు, రక్తం రెండూ దెబ్బతింటాయి. పరీక్ష లేకుండా నెలల తరబడి సూదులు వేయించుకోవడమే వద్దంటున్నది.

పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నాను, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతున్నాను అని ఆడవాళ్లు చెప్పేది దీని గురించే. వెంటనే మెడికల్ షాపులో నరాల మాత్రలు ఇస్తారు. ఆ డబ్బా మీద రాసినవి చదవండి. ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే పదార్థాన్ని ఇదే తిమ్మిరి రాకుండా ఉండటానికి రొమ్ము క్యాన్సర్ రోగులకే ఇచ్చి చూస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో తిమ్మిరి పెరిగిందని తేలింది. బి6 విటమిన్ పెద్ద మోతాదులో చాలాకాలం వేసుకుంటే దానికదే తిమ్మిరి తెస్తుంది. తిమ్మిరి మొదలైతే మందు మోతాదు మార్చే అధికారం ఉన్న డాక్టరుకు చెప్పండి, దుకాణంలో కాదు.

ఫోలిక్ యాసిడ్. కేప్సిటబిన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రలను డాక్టరు చెప్పకుండా వేయకూడదు. ఆ మందు విషప్రభావం పెరిగి విరేచనాలు, నోటిపూత, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి ఊడటం తీవ్రమవుతాయి. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర రక్తహీనత మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, ఇంట్లో కోడలి కోసం తెచ్చినవి అత్త వేసుకోవడం జరుగుతుంటుంది. ఆకుకూరల గురించి కంగారు పడనక్కర్లేదు. కేప్సిటబిన్ మాత్రను తిన్న అరగంటలోపు వేసుకోవాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇనుము. కీమోలో వచ్చే రక్తహీనత అంతా ఇనుము తగ్గడం వల్ల రాదు, ఎముకల్లోని మూలుగ నీరసించడం వల్ల కూడా వస్తుంది. అప్పుడు ఇనుము మాత్రలు మింగితే మలబద్ధకం తప్ప ఒరిగేది తక్కువ. ఫెరిటిన్ చూసి నిర్ణయించాలి. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని గట్టి నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29. సజ్జరొట్టె, ఉలవచారు, తోటకూర, పూర్తిగా ఉడికించిన మేక కార్జం, వాటి మీద నిమ్మరసం, టీ మాత్రం తిన్న గంట తర్వాత: ఇలా మార్చుకుంటే చాలా తేడా వస్తుంది.

విటమిన్ డి. పొద్దంతా పత్తిచేనులో ఉండే మనిషికి డి లోపమేమిటని ఆశ్చర్యపోతారు. తలమీది కొంగు, పొడుగు చేతుల చొక్కా, నల్లని చర్మం కలిస్తే లోపం రావడం సాధ్యమే. చికిత్స మొదలయ్యాక ఇంట్లోనే ఉండటం సరేసరి. రోజుకు కావాల్సింది 600 యూనిట్లు. లోపం ఉంటే వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు కొన్ని వారాలు ఇస్తారు. ఆ చీటీనే పట్టుకుని ఏడాదిపాటు వారం వారం తాగేవాళ్లున్నారు. అతి అయితే రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, తికమక, కిడ్నీ దెబ్బ. క్యాన్సర్ ఎముకలకు పాకినవారిలో కాల్షియం అప్పటికే పెరిగి ఉండవచ్చు కనుక వాళ్లకు ఇది మరింత ప్రమాదం. డి విటమిన్ ఎక్కువగా వేసుకుంటే క్యాన్సర్ రాదా అంటే, 25 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా పరీక్షలో రోజుకు 2000 యూనిట్లు ఐదేళ్లకు పైగా ఇచ్చినా కొత్త క్యాన్సర్లు తగ్గలేదు.

బి17 అని ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది. అది విటమినే కాదు. ఆప్రికాట్ గింజల్లోని అమిగ్డాలిన్‌కు వ్యాపారులు తగిలించిన పేరు. కడుపులో అది సైనైడ్‌గా మారుతుంది. 1982లో 178 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: ప్రయోజనం లేదు, కొందరి రక్తంలో సైనైడ్ మాత్రం కనిపించింది.

పసుపు, లక్ష్మణఫలం, తిప్పతీగ, కల్లు

కూరలో వేసే పసుపు వేయండి. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి చేసిన మాత్రలు వేరు. వాటిని టమాక్సిఫెన్ అనే హార్మోను మాత్రతో కలిపి వాడినప్పుడు, ఆ మందు ఒంట్లో పనిచేసే రూపం తగ్గిందని 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. తిప్పతీగ రసంతో కాలేయం వాచిన కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. లక్ష్మణఫలం ఆకుల కషాయం కీమోకన్నా శక్తిమంతమని చెప్పే వీడియోలకు మనుషులపై జరిపిన పరీక్షల ఆధారం లేదు, ఎక్కువకాలం వాడితే నరాలకు హాని. బాలానగర్ సీతాఫలం దాని చుట్టమే, కానీ ఎవరూ దాన్ని మందని అమ్మరు. సీజన్‌లో పండు తినండి, షుగర్ ఉంటే కొలత చూసుకోండి.

తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుందని అన్నం కూడా మాన్పించడం తగదు. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజ్ కావాలి, మనం తినకపోతే శరీరం కండ కరిగించి తయారుచేసుకుంటుంది. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది కాబట్టి మధుమేహం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో తరచూ పరీక్షించుకోవాలి, అంతే.

కల్లు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మన జిల్లాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు సాయంత్రం సీసా తాగడం తప్పుగా చూడరు. మద్యం ఏ రూపంలో ఉన్నా, కొద్దిపాటిదైనా రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అంతకంటే అత్యవసరమైన విషయం ఇంకొకటి. పాలమూరు వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం ఏళ్లుగా పట్టుబడుతూనే ఉంది. ఆ కల్లుకు అలవాటు పడిన మనిషి ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ రావచ్చు. ఆపరేషన్ వికటించిందనో జబ్బు మెదడుకు పాకిందనో ఇంటివాళ్లు గుండెలు బాదుకుంటారు. చేర్చుకునే రోజే ఎన్నేళ్లుగా, రోజుకు ఎంత తాగుతుందో చెప్పేయండి. డాక్టర్లు దానికి తగ్గ మందులతో మెల్లగా మాన్పిస్తారు.

హార్మోను మాత్రలు, ఎముకలు, ఫ్లోరైడ్

కీమో, కరెంటు (రేడియేషన్) అయిపోయాక చాలామందికి ఐదేళ్లు, కొందరికి పదేళ్లు హార్మోను మాత్రలుంటాయి. ముట్లుడిగినవారికి ఎక్కువగా ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఎముకలను పలచబరుస్తాయి. ఈ దశలో కాల్షియం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు చేరాలి. అర లీటరు పాలు, పెరుగులో 600. యాభై గ్రాముల తైదల పిండిలో 180. రెండు చెంచాల నువ్వులు, ఓ పూట మునగాకు పప్పు కలిస్తే వెయ్యికి దగ్గరవుతాం. లోటు పడినంతే మాత్రతో నింపాలి, అదీ ఒక్కసారి 500 మిల్లీగ్రాములకు మించకుండా, భోజనంతో. థైరాయిడ్ మాత్ర, ఇనుము మాత్రతో కలిపి వేయకూడదు. ఎముకల సూది జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వారికి ఇందులో అదనపు సంగతి ఉంది. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి ఫ్లోరోసిస్ జబ్బు వచ్చినవారి ఎముకలు పరీక్షలో దట్టంగా కనిపించవచ్చు, కానీ ఆ ఎముక పెళుసు. డెక్సా స్కాన్‌లో సాంద్రత బాగుందని రాగానే నిశ్చింత పడకండి. మీ ఊరు, తాగిన నీళ్లు, పళ్ల మీద గార మచ్చలు, నడుము పట్టేయడం గురించి స్కాన్ రాసిన డాక్టరుకు చెప్పండి. హైదరాబాద్‌లో చూసే వైద్యుడికి మీ ఊరి నీటి సంగతి తెలిసి ఉండాలని లేదు. మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, వంటకు కూడా అవే వాడండి. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ హాని ఎక్కువవుతుంది. పాలు లేని నల్ల టీ గ్లాసులకొద్దీ తాగే అలవాటు కూడా తగ్గించాలి, తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది.

రొమ్ము క్యాన్సర్‌లో బరువు తగ్గేవాళ్లే కాదు, పెరిగేవాళ్లూ చాలామంది. స్టెరాయిడ్లు, ముట్లు ఆగిపోవడం, పనికి దూరం కావడం, చూడవచ్చిన ప్రతివాళ్లూ తెచ్చే మిఠాయి పెట్టె, అన్నీ కారణాలే. పెరిగిన బరువు ఆపరేషన్ వైపు చేయి వాచే ముప్పును కూడా పెంచుతుంది. రాత్రి అన్నం స్థానంలో ఒక జొన్నరొట్టె, కప్పు పప్పు, కూర; పొద్దున, సాయంత్రం నడక, మెల్లగా పెంచుతూ వారానికి 150 నిమిషాల దాకా. అలసటకు కూడా దీనికి మించిన మందు ఇంతవరకు లేదు. విచిత్రంగా అనిపించినా పరిశోధనలు పదేపదే చెబుతున్నది అదే.

ఇంట్లో మిగతా ఆడవాళ్ల సంగతి

అమ్మకు వచ్చింది కదా, నేనేం విటమిన్ వేసుకోవాలని కూతుళ్లు అడుగుతారు. రొమ్ము క్యాన్సర్ రాకుండా ఆపే విటమిన్ ఏదీ లేదు. బిడ్డకు చనుబాలు ఇవ్వడం, ముట్లుడిగాక బరువు పెరగకుండా చూసుకోవడం, మద్యానికి దూరంగా ఉండటం, రోజూ ఒళ్లు కదిలించడం ముప్పును కొంత తగ్గిస్తాయి. అమ్మకు చిన్న వయసులోనే వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా జన్యు పరీక్ష అవసరమా అని ఆమె డాక్టరునే అడగాలి. ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు సబ్ సెంటర్‌లో బీపీ, షుగర్‌తో పాటు రొమ్ము పరీక్ష కూడా జాతీయ కార్యక్రమంలో భాగం. ఏఎన్ఎం వచ్చిన రోజున బీపీ చూపించుకుని వచ్చేయకుండా ఆ పరీక్ష కూడా చేయమని అడగండి. సిగ్గుపడి అడగకపోతే వాళ్లూ చాలాసార్లు రిజిస్టరులో టిక్కు పెట్టి వదిలేస్తారు.